మొక్కలూ ఉన్నాయి, తేనెటీగలూ ఉన్నాయి... మరి మధ్యలో గీతలు ఏమైపోయాయి?

వైట్‌ఫీల్డ్_వెంకట్ · శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, చెట్టూ పుట్టా సంగతులు పెద్దగా తెలియవు. మా చెల్లెలు ఇక్కడ బెంగళూరులోనే ఆవరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఊరి చివర ఒక చెరువు గట్టు, పక్కనే తుప్పలు పెరిగిన బీడు, అదే తన ఫీల్డ్. ఏ పువ్వు మీద ఏ పురుగు వాలిందో చూసి రాసుకోవడమే పని. ప్రతి ఏడూ అదే చోటికి వెళ్తుంది.

మొన్న తన ఎక్సెల్ షీట్లు నాకిచ్చి బొమ్మలు గీసి పెట్టమంది. ఎడమవైపు మొక్కలు, కుడివైపు పురుగులు, వాలిన జతకల్లా ఒక గీత. మొదటి ఏడాది బొమ్మ, ఈ ఏడాది బొమ్మ పక్కపక్కన పెట్టి చూసేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. మొక్కల పేర్లు దాదాపు అవే. పురుగులు కూడా చాలావరకు అవే. గీతలు మాత్రం సగానికి పైగా మారిపోయాయి. స్క్రిప్టు సరిగ్గానే ఉంది, సరిచూసుకున్నాను.

తనని అడిగితే "అది అలాగే ఉంటుంది అన్నయ్యా, కంగారు పడకు" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. కంగారు పడకుండా ఉండటం ఎలాగో మాత్రం చెప్పలేదు. ఇది మామూలేనా, లేక నిజంగానే ఏదో చెడిపోతోందా? ఇంకో సందేహం. షీట్‌లో కొన్ని గళ్లలో సున్నా ఉంది, కొన్ని ఖాళీగా ఉన్నాయి. రెండూ ఒకటేనా?

పాషా_హెచ్‌ఎస్‌ఆర్ · శనివారం, రాత్రి 10:31

పువ్వు మీద ఈగ వాలిందా లేదా అని చూస్తే డాక్టరేటా! ఎండాకాలం సెలవుల్లో మేమంతా ఊరికే చూసి ఇంటికొచ్చేశాం కదన్నా.

సరదాకన్నాను, ఏమనుకోవద్దు. నాకు తోచింది చెప్తా. మా ఆఫీసు గేటు ముందు నాలుగు టీ బండ్లు ఉంటాయి. ఒకాయన ఊరికి పోతే ఆయన గిరాకీ పక్క బండికి పోతుంది. తిరిగొచ్చాక కొందరు మళ్లీ ఆయన దగ్గరికి వస్తారు, కొందరు అక్కడే ఉండిపోతారు. బండ్లూ అవే, తాగేవాళ్లూ అవే. ఎవరు ఎక్కడ తాగుతున్నారన్నదే మారింది. ఇందులో టెన్షన్ ఏముంది? ప్రకృతి తన లెక్క తాను చూసుకుంటది.

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 11:05

వెంకట్, నీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మొదటిది దాని మీదే ఆధారపడి ఉంది. సున్నా అంటే "అక్కడ కూర్చుని చూశాను, రాలేదు" అని. ఖాళీ అంటే "చూడలేదు" అని, లేదా ఆ వారం ఆ మొక్క పూతలోనే లేదని. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే, నీ బొమ్మలో మాయమైన గీతల్లో కొన్ని అసలు మాయమే కాలేదు.

జాతుల్ని లెక్కపెట్టడం ఒక ఎత్తు, వాటి కలయికల్ని లెక్కపెట్టడం ఇంకో ఎత్తు. 20 మొక్కలు, 30 పురుగులు ఉన్నాయనుకో. జాతులు 50. గీత పడటానికి వీలున్న గళ్లు 600. అరుదుగా పూసే మొక్క దగ్గరికి అరుదుగా తిరిగే పురుగు వచ్చే ఆ కాస్త సేపట్లో మీ చెల్లెలు అక్కడ ఉండాలి, అటే చూస్తూ ఉండాలి, మధ్యలో ఫోన్ మోగకూడదు. కాబట్టి ఏ మొక్క దగ్గర, ఏ ఏడాది, ఎన్ని గంటలు కూర్చుందో ఆ కాలమ్ ముందు అడుగు. అది లేకుండా రెండు బొమ్మల్ని పోల్చకు.

వైట్‌ఫీల్డ్_వెంకట్ · శనివారం, రాత్రి 11:20

ఆ కాలమ్ ఉంది మాస్టారూ! "ఎఫర్ట్" అని పేరు పెట్టింది. బొమ్మకి పనికిరాదని నేను పక్కన పెట్టాను.

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 11:24

షీట్‌లో ముందు చూడాల్సింది అదే నాయనా.

మేడిచెట్టు · ఆదివారం, ఉదయం 6:50

మాస్టారు చెప్పిన మాట మా ల్యాబ్ గోడ మీద రాసిపెట్టుకోవాలి. నేనూ బెంగళూరులో ఈ పనే చేస్తాను, పేరు మాత్రం అడక్కండి.

వెంకట్ గారూ, గీతలు మారడం మామూలే. ఎంత మామూలో ఒక లెక్క చెప్తాను. గ్రీస్‌లో ఏథెన్స్ దగ్గర డాఫ్నీ అనే చోట 1980ల్లో నాలుగేళ్ల పాటు పూలనూ వాటి మీదికి వచ్చే పురుగులనూ చూసి రాశారు. థియోడోరా పెటనిడూ బృందం ఆ లెక్కల్ని విశ్లేషించి 2008లో ప్రచురించింది. నాలుగేళ్లలోనూ కనబడిన మొక్కలు 53 శాతం. నాలుగేళ్లలోనూ కనబడిన పురుగులు 21 శాతం. నాలుగేళ్లలోనూ కనబడిన గీతలు ఎన్నో ఊహించండి. 4.9 శాతం. వందలో ఐదు కూడా లేవు.

అంత మారినా ఈ గీతలన్నీ కలిసి అల్లుకునే మొత్తం వల ఆకారం పెద్దగా మారలేదు. ఆకారం అంటే ఇదీ. ఏ ఊళ్లో చూసినా కొన్ని మొక్కలు ఎవరొచ్చినా కాదనవు. కొన్ని పురుగులు ఏ పువ్వూ వదలవు. ఈ రెండు రకాలూ మధ్యలో గట్టిగా అల్లుకుని ఉంటాయి. ఒకటో రెండో గీతలున్న జాతులు ఎక్కువగా ఈ మధ్యవాటికే అతుక్కుంటాయి, తమలో తాము జతకట్టడం తక్కువ. జోర్డి బాస్కోంప్టే, పెడ్రో జోర్డానో వాళ్లు 2003లో రకరకాల చోట్ల వలలు పోల్చి ఈ అల్లిక అంతటా ఉందని చూపించారు. కాబట్టి మనుషులు మారినా వీధి తీరు మారనట్టు... వద్దులెండి, పోలికల పని పాషా గారిదే.

ఇంకోటి. ఏడాది మొత్తాన్ని ఒకే బొమ్మలో కుదిస్తే లోపల జరిగింది కనబడదు. అమెరికాలో కొలరాడో కొండల మీద పాల్ కారడోనా బృందం మూడు వేసవుల పాటు వారం వారం చూసింది. 2017లో అచ్చయింది. ఈ వారం గీతలకీ వచ్చే వారం గీతలకీ మధ్యే బోలెడు తేడా. అందులో ఎక్కువ భాగం కొత్త జాతులు రావడం వల్ల కాదు, ఉన్నవే జతలు మార్చుకోవడం వల్ల. పైగా ఆ మార్పు మూడేళ్లూ ఒకే వరసలో నడిచింది. ముందు ఏది, తర్వాత ఏది అన్న క్రమం ఉంది. అంటే ఇది గాలివాటం కాదు.

మీ చెల్లెల్ని వారాల వారీ షీట్ ఇమ్మనండి. ఉండే ఉంటుంది.

వైట్‌ఫీల్డ్_వెంకట్ · ఆదివారం, ఉదయం 9:15

మేడమ్, చాలా థ్యాంక్స్. అంటే పాషా గారన్నట్టు టెన్షన్ అక్కర్లేదా?

మేడిచెట్టు · ఆదివారం, ఉదయం 10:40

అది నేననలేదు.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో కార్లిన్‌విల్ అనే చిన్న ఊరు. 1800ల చివర్లో చార్లెస్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఊరి చుట్టుపక్కల ఏ పువ్వు మీద ఏ తేనెటీగ వాలిందో ఏళ్ల తరబడి రాసిపెట్టాడు. 1970ల మొదట్లో ఒకాయన మళ్లీ చూశాడు. ఆ తర్వాత 2009, 2010లో లారా బర్కిల్ బృందం అక్కడికే వెళ్లి చూసి, 2013లో సైన్స్ పత్రికలో వేసింది. అడవి నేల మీద పూసే 26 మొక్కలు, వాటికొచ్చే 109 రకాల తేనెటీగలు, మధ్యలో 532 గీతలు, ఇదీ పాత బొమ్మ. వీళ్లు వెళ్లేసరికి 125 మిగిలాయి. 407 పోయాయి. కొత్తగా 121 వచ్చాయి.

ఇక్కడ ఆగి చూడండి. 26 మొక్కలకి 26 మొక్కలూ ఉన్నాయి. మొక్కల జాబితా ఒక్కటే చూసేవాడికి అక్కడ వందేళ్లకు పైగా ఏమీ జరగనట్టే లెక్క. పోయిన గీతల్లో 45 శాతం, తేనెటీగ అక్కడ అసలే లేకుండా పోవడం వల్ల పోయాయి. 109లో సగం రకాలు లేవు. మిగతావాటిలో రెండు పక్షాలూ ఉన్నాయి, కానీ కలుసుకోవడం లేదు. పువ్వు ఒక సమయానికి విచ్చుకుంటే తేనెటీగ ఇంకో సమయానికి బయటికొస్తోంది. లేదా అది ఈ తోపులో ఉంటే ఇది ఆ తోపులో ఉంది.

కాబట్టి "మారింది" అనగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మారిన దానిలో జాతులు రావడం, పోవడం వల్ల ఎంత? రెండేళ్లలోనూ ఉన్న జాతులే జతలు మార్చుకోవడం వల్ల ఎంత? తిమోతే పువాజో వాళ్లు 2012లో ఈ రెండింటినీ విడదీసి లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. మీకు స్క్రిప్టు రాయడం వచ్చు కాబట్టి ఒక పూట పని. రెండో దాన్ని మేం రీవైరింగ్ అంటాం.

పాషా_హెచ్‌ఎస్‌ఆర్ · ఆదివారం, ఉదయం 11:02

మేడమ్, 407 పోతే 121 వచ్చాయి కదా. ఎంతో కొంత సర్దుకున్నట్టే కదా? నా టీ బండి లెక్క తప్పేమీ కాలేదు.

మేడిచెట్టు · ఆదివారం, మధ్యాహ్నం 12:30

టీ తాగేవాడికి ఏ బండి అయినా టీయే దొరుకుతుంది. పువ్వు విషయంలో అలా కుదరదు. పురుగు వాలినంత మాత్రాన పువ్వు పని అయిపోదు.

తంగేడు తీసుకోండి. బెంగళూరు చుట్టుపక్కల బీళ్లలో బోలెడంత ఉంటుంది, మన తెలంగాణ వాళ్లకి చెప్పక్కర్లేదు. దాని పుప్పొడి సంచులు మిగతా పూలలా నిలువునా చీలవు. ఉప్పు డబ్బాకి ఉన్నట్టు చివర చిన్న రంధ్రం ఉంటుంది. తుమ్మెద వచ్చి సంచుల్ని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒంటి కండరాలతోనే వణికిస్తుంది. దగ్గర కూర్చుంటే మామూలు ఝుంకారం కాస్తా ఒక్కసారి గొంతు పెంచినట్టు వినబడుతుంది. ఆ అదురుకి పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముతుంది, తుమ్మెద పొట్టంతా పసుపు. తేనె తీసే మన తేనెటీగలకి ఈ విద్య రాదు. అవీ వస్తాయి, రాలిన పొడి ఏరుకుని పోతాయి.

ఇప్పుడు తుమ్మెదలు పోయి, తేనెటీగలు వచ్చాయనుకోండి. వెంకట్ గారి బొమ్మలో ఒక గీత పోయి ఒక గీత వచ్చింది, లెక్క సరి. బీడులో కాయలు మాత్రం తగ్గుతాయి. తుమ్మెదలు గూడు పెట్టుకునేది ఎండిన కొమ్మల్లో, వెదురు బొంగుల్లో. పార్కు "శుభ్రం" చేశామని మనం ముందు తీసి పారేసేవి అవే.

అందుకే గీత ఉందా లేదా అన్నది సగం సంగతే. ఆ గీత ఏం పని చేస్తోందన్నది మిగతా సగం. ఇది తెలుసుకోవాలంటే పూలకి సంచులు కట్టి, విప్పి, ఒక్కో పురుగు వాలాక కాయ కట్టిందో లేదో చూడాలి. చెప్పినంత సుఖం కాదు.

కోనసీమ_కుర్రాడు · ఆదివారం, సాయంత్రం 5:18

ఆయ్, మంచి చర్చండీ. మాది అమలాపురం వైపు, ఉద్యోగం మారతహళ్లిలో. కొత్త గీతలు అంటున్నారు కదా, మా కొబ్బరి తోటల్లో ఒకటి మా కళ్ల ముందే పడింది. సర్పిలాకార తెల్లదోమ. దేశంలో మొదట 2016లో పొల్లాచ్చి వైపు కనబడింది, తర్వాత మా దాకా వచ్చేసింది. ఆకు అడుగున సున్నం చుక్కలు చుట్టలు చుట్టినట్టు గుడ్లు పెడుతుంది. దాని జిగురు కింది ఆకుల మీద పడి మసి పట్టేస్తుంది. చెట్టు నల్లగా అయిపోతుందండీ.

మా నాన్న మందు కొడదామని కూర్చున్నారు. శాస్త్రవేత్తలు వద్దన్నారు. ఎన్‌కార్సియా అని చిన్న కందిరీగ ఉందట, దోమ పిల్లల్లో గుడ్లు పెడుతుందట. మందు కొడితే ముందు పోయేది అదే అన్నారు. మా నాన్న నమ్మడానికి టైము పట్టింది. నల్లగా మారిన దోమ పిల్లల్ని ఆకు మీద చూపించి "ఇది తినేసినవి" అని చెప్తే అప్పుడు పంపు లోపల పెట్టారు.

పామాయిల్_ప్రసాద్ · ఆదివారం, సాయంత్రం 6:44

మాది ఏలూరు దగ్గర, పామాయిల్ తోట. కోనసీమ తమ్ముడు చెప్పింది చూసి రాస్తున్నాను. మా పంట మొత్తం ఒక గీత మీద నడుస్తోంది.

ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మలేసియాకి చెట్టుని తీసుకెళ్లారు, దానితో ఉండే ముక్కు పురుగుని తీసుకెళ్లలేదు. చాలాకాలం అక్కడ కూలీలు చేత్తో పుప్పొడి కొట్టేవాళ్లు. 1981లో కామెరూన్ నుంచి ఆ చిన్న ముక్కు పురుగుని తెచ్చి వదిలితే చేతి పని పోయింది. మన దేశానికి 1980ల మధ్యలో కేరళకి తెచ్చారు, అక్కడి నుంచి మిగతా తోటలకి. మగ పూత వచ్చినప్పుడు దగ్గరికెళ్తే సోంపు వాసన వస్తుంది, పూగుత్తి మీద కుప్పలుగా ఉంటాయి. కొత్తగా తోట పెట్టిన వాళ్లు పక్క తోట నుంచి మగ పూగుత్తులు కోసుకెళ్లి పెడతారు, పురుగులు రావాలని.

నా ప్రశ్న మేడమ్. ఒకే గీత ఉన్న చోట ఆ గీత తెగితే మాకు రెండో గతి ఏమిటి?

లెక్కల_మాస్టారు · ఆదివారం, రాత్రి 8:10

ప్రసాద్ గారి ప్రశ్నకి మేడమ్ జవాబు ఇస్తారు. ఈలోపు పాత గొడవ ఒకటి గుర్తుచేస్తాను. గీతలు ఎక్కువ ఉంటే వల గట్టిగా ఉంటుందని ఒకప్పుడు అందరూ అనుకునేవారు, చార్లెస్ ఎల్టన్ అనే ఆవరణ శాస్త్రవేత్త కూడా అలాగే రాశాడు. 1972లో రాబర్ట్ మే అనే ఆయన నేచర్ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. గుడ్డిగా, లాటరీ వేసినట్టు గీతలు కలిపితే జాతులు పెరిగేకొద్దీ, గీతలు పెరిగేకొద్దీ వల నిలవడం కష్టమవుతుందని గణితంలో తేల్చాడు. అప్పటి నుంచి అసలు ప్రశ్న తిరగబడింది. అడవి ఇంత చిక్కగా ఉండి కూడా ఎలా నిలిచి ఉంది? లాటరీ వేసి కలపలేదు కాబట్టి. మేడమ్ చెప్పిన ఆ "ఆకారం" ఉంది చూశారా, అది ఈ ప్రశ్నకి జవాబు వెతకడంలో దొరికిన సంగతే.

మేడిచెట్టు · ఆదివారం, రాత్రి 9:37

ప్రసాద్ గారూ, ఒకే గీత మీద బతికే జీవి గురించి చెప్పాలంటే నేను నా పేరు చెట్టు దగ్గరికే రావాలి.

మేడిపండు పొట్టలో పురుగుల సంగతి మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు, కాకపోతే దాన్ని తిట్టుగా నేర్చుకున్నాం. ఆ పురుగు లేకపోతే మేడి చెట్టే లేదు. కాయ అనుకునేది నిజానికి పూలగుత్తి, పూలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. కొసన చిన్న రంధ్రం, పొలుసులతో మూసుకుని ఉంటుంది. చీమ కన్నా చిన్న ఆడ కందిరీగ అందులోంచి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. లోపల పుప్పొడి అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. అవి ముందు పుట్టి, జతకట్టి, కాయ గోడకి కన్నం తవ్వుతాయి. అంతటితో వాటి కథ అయిపోతుంది. ఆడవి పుప్పొడి పట్టుకుని ఆ కన్నంలోంచి ఎగిరిపోతాయి. వాటికున్న ఆయుష్షు ఒకట్రెండు రోజులు. ఆలోపు సరైన దశలో ఉన్న ఇంకో మేడి చెట్టు దొరకాలి.

ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీలో రెనీ బోర్జెస్ ఈ మేడి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఈ చెట్టులో ఒక్క కందిరీగే కాదు, పుప్పొడి మోయకుండా బయటి నుంచే కాయకి సూది గుచ్చి గుడ్లు పెట్టే దొంగ కందిరీగలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒకదాని సూది మొనలో జింక్ ఉంటుందని 2014లో ఐఐఎస్‌సీ వాళ్లే చూపించారు. కాయ గట్టిగా ఉంటుంది కదా, మరి. వీటన్నిటినీ పట్టుకు తినే చీమలు వేరే. ఒక్క కాయ చుట్టూ ఇంత వల.

చూడ్డానికి ఇంతకంటే సున్నితమైన బంధం ఉండదు. కానీ ఇది కోట్ల ఏళ్లుగా నిలిచింది. నమీబియాలో నది ఒడ్డున ఉండే ఒక రకం మేడి చెట్ల మీద 2009లో వచ్చిన పని చూస్తే, ఆ బుల్లి కందిరీగ గాలి పట్టుకుని 160 కిలోమీటర్ల దాకా పుప్పొడి మోసింది. ఒకే గీత అయినా అది బాగా పొడవైన గీత. అందుకే ఒక రోడ్డు వెడల్పు కోసం నాలుగు మేడి చెట్లు కొట్టినంత మాత్రాన ఆ జత అంతరించిపోతుందని నేను అనను. ఏ నెలలో చూసినా ఎక్కడో ఒక చెట్టు కాయ మీద ఉండాలి, అదీ ముఖ్యం. చెట్లు మరీ తగ్గితే ఆ వరస తెగుతుంది.

మీ తోట సంగతి వేరు. మీ దగ్గర చెట్టూ బయటిదే, పురుగూ బయటిదే. ఆ పురుగు బతికేది, గుడ్లు పెట్టేది మగ పూగుత్తుల్లోనే కాబట్టి అవి తోటలో తగినన్ని ఉండాలి, పూత మీద పురుగుమందు పడకూడదు. రెండో గతి అంటే మళ్లీ చేత్తో పుప్పొడి కొట్టడమే, మలేసియాలో చేసినట్టు.

కోనసీమ తమ్ముడూ, మీ ఎన్‌కార్సియా లాంటి కథ మా పక్కనే జరిగింది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని పీల్చేసింది. దాని సొంత ఊరు మెక్సికో వైపు. ఇక్కడ దాన్ని అదుపు చేసే శత్రువు లేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగల్ని తెప్పించింది ఇక్కడ హెబ్బాళలో వ్యవసాయ పురుగుల మీద పనిచేసే జాతీయ సంస్థే, ఇప్పుడు ఎన్‌బీఏఐఆర్ అంటున్నాం. అందులో అసెరోఫేగస్ పపాయే అనేది బాగా కుదురుకుంది, పిండినల్లి ఎక్కడికక్కడ తగ్గిపోయింది. అయితే బయటి నుంచి పురుగుని తెచ్చి వదలడం ఎప్పుడుపడితే అప్పుడు చేసే పని కాదు. అది ఇంకేం తింటుందో ముందే మూసిన గదిలో పరీక్షించి చూస్తారు.

లాల్‌బాగ్_లలిత · సోమవారం, ఉదయం 8:05

రోజూ లాల్‌బాగ్‌లో నడుస్తాను కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటాను. ఈ ఊళ్లో రోడ్డు పక్క సగం చెట్లు పరదేశివే. గులాబీ రంగు టబెబూయా, నీలం జకరండా దక్షిణ అమెరికా వైపువి. గుల్‌మొహర్ మడగాస్కర్‌ది. ఏడాది పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి పూసేలా నాటించింది క్రుంబీగల్ అనే జర్మన్ ఆయన అని ఇక్కడ గైడ్లు చెప్తుంటారు. మరి వీటి మీద మన పురుగులు వాలుతున్నాయా? ఇంకోటి, మా చిన్నప్పుడు ఉన్నన్ని తేనెపట్లు ఇప్పుడు కనబడటం లేదని మావారు అంటారు. ఆయన ప్రతిదానికీ అలాగే అంటారనుకోండి.

మేడిచెట్టు · సోమవారం, మధ్యాహ్నం 1:20

లలిత గారూ, వాలుతున్నాయి. పరదేశి చెట్ల మీద మన తేనెపిట్టలు, తేనెటీగలు ఎంచక్కా తిరుగుతాయి. పూలు వరసగా ఉన్న ఊరు కొన్ని పురుగులకి మంచిదే, ముఖ్యంగా దేన్నైనా తినేవాటికి. ఫలానాదే తింటానని పట్టుబట్టే రకాలకి ఆ పూలతో పని లేదు. వాటికి చెరువు గట్టు తుప్పలే దిక్కు.

తేనెపట్ల లెక్క నా దగ్గర లేదు, మీవారి మాట కాదనను, ఔననను. కానీ ఈ ఊరి పెద్ద తేనెటీగల మీద గట్టి పని ఒకటుంది. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో గీతా తిమ్మేగౌడ, షానన్ ఓల్సన్ వాళ్లు బెంగళూరులోనే గాలి కాలుష్యం తక్కువ ఉన్న చోట్లా ఎక్కువ ఉన్న చోట్లా తేనెటీగల్ని పట్టి చూశారు. 2020లో ప్రచురించారు. కాలుష్యం ఓ మోస్తరు నుంచి బాగా ఎక్కువ దాకా ఉన్న చోట్ల పట్టిన వాటిలో 80 శాతానికి పైగా ఒక్క రోజులో చచ్చిపోయాయి. పూల మీదికి రావడమూ తక్కువే. గుండె కొట్టుకునే తీరు కూడా మారింది.

వెంకట్ గారి మొదటి ప్రశ్నకి ఇది సంబంధం లేని విషయం కాదు. ఆ చోట్ల జాబితా రాస్తే పెద్ద తేనెటీగ "ఉంది" అనే రాస్తాం. ఉంది గానీ పని సరిగ్గా చేసే స్థితిలో లేదు. గీత ముందు సన్నబడుతుంది, తర్వాతెప్పుడో తెగుతుంది. అందుకే గీతకి మందం ఉండాలి, అంటే గంటకి ఎన్నిసార్లు వాలిందో ఆ అంకె. ఉందా లేదా అని మాత్రమే గీస్తే సన్నబడటం కనబడదు.

నిర్వాహకుడు · సోమవారం, సాయంత్రం 4:00

లేఅవుట్‌లో తేనెపట్టు తీయించడం గురించి వచ్చిన నాలుగు వ్యాఖ్యల్ని వేరే చర్చలోకి మార్చాను. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు.

వైట్‌ఫీల్డ్_వెంకట్ · మంగళవారం, రాత్రి 11:48

చెల్లెలు ఫీల్డ్ నుంచి వచ్చాక ఈ చర్చ అంతా చదివింది. "ఇంతమంది చెప్తే గానీ ఎఫర్ట్ కాలమ్ చూడలేదా" అని నన్ను వాయించింది, అది వేరే కథ.

మాస్టారూ, ఖాళీ గళ్లు తీసేసి, రెండేళ్లలోనూ సమానమైన గంటలు వచ్చేలా లాటరీ పద్ధతిలో పరిశీలనలు ఎత్తి, అదే పని మళ్లీ మళ్లీ చేసి చూశాను. పోయాయనుకున్న గీతల్లో చాలావరకు వెనక్కి వచ్చాయి. అయినా కొన్ని రావడం లేదు, వాటిలో ఎక్కువ తంగేడువే. ఈ మధ్య గట్టు మీద వాకింగ్ ట్రాక్ వేశారట, ఎండు కొమ్మలన్నీ ఎత్తేశారట. దానివల్లే అని అప్పుడే రాయొద్దని చెల్లెలు గట్టిగా చెప్పింది, ట్రాక్ లేని పక్క చెరువు దగ్గర కూడా చూడాలట. మేడమ్ చెప్పిన మందం కూడా పెట్టాను, బొమ్మ ఇప్పుడు వేరే బొమ్మలా ఉంది.

తను ఒకటి అడగమంది. సాయంత్రం తర్వాత వచ్చే చిమ్మెటల్ని ఇప్పటిదాకా చూడలేదు, ఇకపై చూద్దామనుకుంటోంది. టార్చి వేస్తే పారిపోతాయా, లేక టార్చి కోసమే వస్తాయా?

మేడిచెట్టు · బుధవారం, ఉదయం 6:35

రెండూ జరుగుతాయి, లెక్క చెడుతుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం కట్టమనండి. ఎక్కువ పురుగులకి ఎరుపు సరిగ్గా ఆనదు. పువ్వు మీదికి సూటిగా కాకుండా పక్కకి పట్టాలి. ఒక్కతే వెళ్లొద్దు, గట్టు మీద రాత్రి పాములుంటాయి, బూట్లు తప్పనిసరి. చూసిన గంటలు పగటి షీట్‌లో కలపకుండా వేరే షీట్‌లో రాయమనండి.

పాషా_హెచ్‌ఎస్‌ఆర్ · బుధవారం, ఉదయం 9:10

తోడుకి మనిషి కావాలంటే నేనొస్తా. ఫ్లాస్కులో టీ నాది.